బెండు కదిలే దాకా

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "తాతయ్యా, కృష్ణపదార్థం ఉండేది ఆకాశంలో అయితే, దాని కోసం గనిలోకి ఎందుకు దిగుతున్నారు?" అని. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తమ్ముడికీ చదివి వినిపించు. కృష్ణపదార్థం అంటే కంటికి కనిపించని, బరువును బట్టే ఉందని తెలిసే పదార్థమని వాడికి ముందు చెప్పు.

నీ వయసులో నేను మా తాతతో గాలం వేయడానికి వెళ్ళేవాణ్ణి. చెరువులో బెండు ఊరికే ఊగేది. గాలికి కదిలేది, గేదెలు దిగితే కదిలేది. నేను ప్రతిసారీ కర్ర లాగేసేవాణ్ణి. ఒకరోజు తాత నన్ను దిగుడుబావికి తీసుకెళ్ళాడు. మెట్లన్నీ దిగేసరికి గాలి లేదు, చప్పుడు లేదు. "ఇప్పుడు కదిలితే చేపేరా" అన్నాడు.

శాస్త్రవేత్తలు గనిలోకి దిగేదీ అందుకే. అంతరిక్షం నుంచి వచ్చిపడే విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లనే కణాలు నీ అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతుంటాయి. అదే వాళ్ళకు గాలి. అమెరికాలో సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ అనే పాత బంగారు గని ఉంది. అక్కడ కిలోమీటరున్నర లోతున ఆ జోరు లక్షల రెట్లు తగ్గిపోతుంది. కృష్ణపదార్థానికి మాత్రం ఆ రాయి అడ్డే కాదు.

ఆ బావిలో నీళ్ళ బదులు 10 టన్నుల జినాన్ అనే వాయువు. దాన్ని సున్నాకు దాదాపు 100 డిగ్రీల దిగువన చల్లబరిచి ద్రవంగా ఉంచారు. ఆ ప్రయోగం పేరు ఎల్‌జెడ్. కృష్ణపదార్థ కణం వచ్చి జినాన్ కేంద్రకానికి తగిలితే చిన్న మెరుపు పుడుతుంది. అక్కడ ఊడిన ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం పైకి లాగితే, పైన ఇంకో మెరుపు. బెండు ముందు వణికి, తర్వాత మునిగినట్టు. రెండింటికీ నడుమ పట్టిన సమయాన్ని బట్టి ఎంత లోతున తగిలిందో చెప్పేస్తారు.

"గోడవారన కదిలితే నమ్మకు, కప్ప అయ్యుంటుంది" అనేవాడు తాత. వీళ్ళూ అంతే. చుట్టూ ఉన్న లోహంలోంచి వచ్చే రేడియోధార్మికత చాలావరకు అంచుల్లోనే ఆగిపోతుంది. అందుకని అంచుల్లో మెరిసినవి వదిలేసి, నడిమధ్యన మెరిసినవే లెక్కలోకి తీసుకుంటారు.

మన దేశంలోనూ ఇలాంటి బావులున్నాయి. కోలార్ బంగారు గనిలో 1965లోనే, విశ్వకిరణాలు గాలిలో పుట్టించే న్యూట్రినోలనే, దేనికీ ఓ పట్టాన తగలని కణాల జాడ పట్టారు. జార్ఖండ్‌లో జాదుగూడ యురేనియం గనిలో 2017లో ప్రయోగశాల తెరిచారు.

అసలు చేప ఉందని ఎలా నమ్ముతున్నారంటావా? తామరతూళ్ళు కదలడం చూశారు మరి. గెలాక్సీల్లో నక్షత్రాలు తిరిగే వేగానికి అవి చెదిరిపోకుండా పట్టి ఉంచాలంటే, కంటికి కనిపించే బరువు ఏమాత్రం చాలడం లేదు.

చాలా సాయంత్రాలు తాత ఖాళీ బుట్టతోనే ఇంటికొచ్చేవాడు. నాయనమ్మ అడిగితే "పడలేదు" అనేవాడు, ఏ సాకూ చెప్పేవాడు కాదు. ఎల్‌జెడ్ వాళ్ళు 2022లో ఆ మాటే చెప్పారు. 2024లో 280 రోజుల లెక్కలు చూసి మళ్ళీ అదే చెప్పారు. ఏళ్ళ తరబడి కష్టపడ్డాక ఆ మాట అనడం తేలిక కాదు తల్లీ. పైగా, ఎలాంటి కణమైతే తమ కంటపడి ఉండేదో కూడా లెక్కగట్టి చెప్పారు. వెతకాల్సిన చోటు అంతమేర తగ్గింది.

సెలవులకు రండి. దిగుడుబావిలో ఈ ఏడు నీళ్ళున్నాయి, పొద్దున్నే గాలి లేవకముందే దిగుదాం. ఈలోగా రాత్రి డాబా మీద పడుకుని అరచెయ్యి చాపి, ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టు.

ప్రేమతో,
తాతయ్య