గుండ్రంగా తుడవకండి

చిరంజీవులకు,

పాత ఫొటోల డీవీడీ సగంలో ఆగిపోతోందనీ, చొక్కా అంచుతో గుండ్రంగా, గట్టిగా తుడిచామనీ రాశారు. తుడిచాక ఇంకా మొరాయించిందట! మొరాయించక ఏం చేస్తుంది?

డిస్కు అడుగు అద్దంలా నున్నగా కనిపిస్తుంది గానీ, లోపల ఒకే ఒక్క చాలు ఉంటుంది. మధ్యలో మొదలై సుడి తిరుగుతూ అంచు దాకా పోతుంది. వరసకీ వరసకీ మధ్య దూరం 0.74 మైక్రాన్లే, అంటే ఒక్క మిల్లీమీటరు వెడల్పులో దాదాపు 1,350 వరసలు. దారంలా విప్పి పరిస్తే 12 కిలోమీటర్లకు కాస్త తక్కువ. డిస్కును వెలుతురులో అటూ ఇటూ వంచితే కనిపించే రంగులు ఈ వరసల పుణ్యమే.

కంపెనీలో అచ్చువేసిన డిస్కులో ఆ చాలు పొడవునా సన్నటి గుంటలుంటాయి. ఇంట్లో రైట్ చేసుకునే డీవీడీ-ఆర్‌లో గుంటలకు బదులు రంగు పొర ఉంటుంది. లేజర్ వేడికి అది అక్కడక్కడా మాడి మచ్చలు పడుతుంది. బర్న్ చేయడం అనే మాట ఉత్తినే రాలేదు. ఆ పొరకు ఎండ పడదు, కిటికీ దగ్గర పెట్టకండి.

చదివేటప్పుడు డిస్కుకి ఏదీ తగలదు. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పడి, తిరిగి వచ్చే వెలుగు ఎక్కువైందా తగ్గిందా అని డ్రైవ్ చూస్తుంటుంది. కంప్యూటర్ ఫొటోలనైనా 1లు, 0లుగానే దాచుకుంటుంది. గుంట అంటే 1, చదును అంటే 0 అని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. వెలుగు మారే చోటే 1. మారకుండా సాగినంత మేరా 0లు.

డిస్కులో 4.7 జీబీ పడుతుందని రాసి ఉంటే కంప్యూటర్ 4.37 అనే చూపిస్తుంది. మోసమేమీ లేదు, వాళ్లు వెయ్యితో లెక్కేశారు, కంప్యూటర్ 1024తో లెక్కేసింది.

ఇక గీతల సంగతి. సమాచారం ఉన్న పొర పైకి కనబడదు, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. లేజర్ అక్కడే సూది మొనలా కుదురుకుంటుంది. పైన మాత్రం వెడల్పుగానే ఉంటుంది కాబట్టి చిన్న చిన్న దుమ్ము కణాలు దానికి పెద్దగా అడ్డు రావు. అయినా కొంత పోతుంది. పోయినదాన్ని డ్రైవ్ లెక్క కట్టి తెచ్చుకుంటుంది.

ఎలాగంటే, కాగితం మీద 3, 5, 7 రాసి పక్కన మొత్తం 15 అని వేయండి. 5 మీద సిరా పడితే? 15లోంచి 3, 7 తీసేస్తే సరి, 5 దొరికింది. డీవీడీలో సమాచారాన్ని ఇలాగే గళ్లలో పేర్చి, అడ్డంగానూ నిలువుగానూ అదనపు అంకెలు చేరుస్తారు. అసలు గణితం ఇంతకన్నా కష్టం, కిటుకు మాత్రం ఇదే. దీనివల్ల చాలు పొడవునా సుమారు 6 మిల్లీమీటర్ల మేర పోయినా తిరిగి వస్తుంది.

మధ్య నుంచి అంచుకు పడిన గీత ఒక్కో వరసలో వెంట్రుకంత ముక్కనే చెరుపుతుంది. గుండ్రంగా పడిన గీత చాలు వెంబడే సాగి, 6 మిల్లీమీటర్లను ఎప్పుడో దాటేస్తుంది. చొక్కా అంచుకు అంటుకున్న ఇసుక రేణువుతో మీరు చేసింది ఈ రెండో పనే.

ఇప్పుడు దాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం నేను చాలాసార్లు చూశాను. మోత తగ్గి నెమ్మదిగా తిరుగుతుంటే కంగారుపడి బయటికి లాగకండి, అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. వచ్చిన ఫొటోలను వచ్చినట్టే కాపీ చేసుకోండి. మిగిలినవాటి కోసం మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, మళ్లీ పెట్టండి.

ఆశీస్సులతో,
తాతయ్య