నెలకు 250 డాలర్ల కోచ్

2024 ఏప్రిల్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అమ్మాయిల ఫైనల్‌ను టీవీలో సగటున 1.87 కోట్ల మంది చూశారు. అబ్బాయిల ఫైనల్‌కు వచ్చింది 1.48 కోట్లే. అమ్మాయిలది పైచేయి కావడం అదే మొదటిసారి. అంతా ఆ ఫైనల్ ఆడిన అయోవా టీమ్ స్టార్ కైట్లిన్ క్లార్క్ చలవే అన్నారు చాలామంది. నిజమే కానీ, ఆమె పుట్టకముందే ఈ ఆటకు పునాది వేసినవాళ్లున్నారు. వాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు కోచ్ పాట్ సమ్మిట్.

1952లో టెనెసీ రాష్ట్రంలో ఓ రైతు కుటుంబంలో పుట్టింది. ఊరి హైస్కూల్లో అమ్మాయిలకు టీమ్ లేదు. కూతురి ఆట ఆగిపోతుందని ఇంట్లోవాళ్లు పక్క కౌంటీకి మకాం మార్చేశారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

చదువులో ఆడామగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. రెండేళ్లకు టెనెసీ యూనివర్సిటీ మహిళల టీమ్ ఆమె చేతికొచ్చింది. అప్పటికి వయసు 22, జీతం నెలకు 250 డాలర్లు. వ్యాన్ తనే నడిపేది, జెర్సీలు తనే ఉతికేది. ఆ జెర్సీలు కూడా అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మి కొన్నవే!

అసలు చిక్కు హైస్కూళ్లలో ఉండేది. టెనెసీలో అమ్మాయిలు ఆరుగురితో ఆడేవారు. బాస్కెట్‌లో బంతి వేసే ముగ్గురు ఫార్వర్డ్‌లు, అవతలివాళ్లను అడ్డుకునే ముగ్గురు గార్డ్‌లు. ఎవరూ మైదానం మధ్య గీత దాటకూడదు. గార్డ్‌కు బాస్కెట్‌లో బంతి వేసే అవకాశమే ఉండదు. అలాంటి పిల్లకు కాలేజీలో స్కాలర్‌షిప్ ఎవరిస్తారు? ఓ గార్డ్ దీనిపై కోర్టుకెక్కి, మొదట గెలిచి, అప్పీల్లో ఓడింది. ఐదుగురూ మైదానమంతా తిరిగే మామూలు ఆట కోసం సమ్మిట్ కూడా గట్టిగా పట్టుబట్టింది. చివరికి 1979లో టెనెసీ దారికొచ్చింది. క్లార్క్ సొంత రాష్ట్రం అయోవా మాత్రం 1993 దాకా పాత పద్ధతిని పట్టుకు వేలాడింది.

తర్వాతిదంతా రికార్డుల్లో ఉన్నదే: ఎనిమిది జాతీయ టైటిళ్లు, 1,098 విజయాలు. నాలుగేళ్లూ ఆమె దగ్గర ఆడినవాళ్లందరూ డిగ్రీ పూర్తి చేశారు. నా దృష్టిలో టైటిళ్ల కన్నా ఇదే గొప్ప. పురుషుల టీమ్‌కు కోచ్‌గా రమ్మని యూనివర్సిటీ అడిగితే వద్దంది. అటు వెళ్లడం ప్రమోషన్ ఎలా అవుతుందన్నది ఆమె వాదన.

ఈ కథలో ఓ మెలిక కూడా ఉంది. 1972లో కాలేజీ మహిళా జట్లలో, అన్ని ఆటలూ కలిపి, 90 శాతానికి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. చట్టం పుణ్యమా అని జీతాలు పెరిగాయి, మగవాళ్లూ పోటీకొచ్చారు. ఆ వాటా సగం కన్నా కిందికి పడిపోయింది.

2011లో, 59 ఏళ్లకే, తనకు అల్జీమర్స్ అని ఆమె బయటపెట్టింది. అయినా ఇంకో సీజన్ పనిచేసి 2012లో తప్పుకుంది. 2016 జూన్‌లో కన్నుమూసింది. ఆమె తర్వాత వరసగా ఇద్దరు శిష్యురాళ్లు హోలీ వార్లిక్, కెలీ హార్పర్ ఆ టీమ్‌ను నడిపారు. 2024లో మాత్రం టెనెసీ బయటినుంచి కిమ్ కాల్డ్‌వెల్‌ను తెచ్చుకుంది.