ముక్కులో సీసం పెడితే గ్లైడర్ పడిపోతుందా? స్లోప్ సోరింగ్‌లో అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు మొదలైతే చాలు, నా రిపేరు టేబుల్ మీదికి ముక్కు విరిగిన గ్లైడర్లు వరసగా వస్తాయి, అదే, రిమోట్‌తో నడిపే మోటారు లేని బుల్లి విమానాలు. కొండ వాలుకు తగిలి పైకి లేచే గాలి మీద వీటిని ఎగరేయడమే స్లోప్ సోరింగ్. తెచ్చేవాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలుంటారు, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు నేర్చుకునేవాళ్లుంటారు. విజయవాడైనా, గుంటూరైనా, తెనాలైనా చెప్పే కథ ఒకటే. "విసరగానే పైకి లేచింది, గాల్లో ఆగింది, వెనక్కి తిరగబడింది. సిగ్నల్ పోయినట్టుంది అన్నా."

సిగ్నల్ పోలేదు. సీజీ, అంటే గ్లైడర్ బరువంతా సమంగా తూగే చోటు, తప్పింది. సీజీ తప్పడానికి కారణం ఒక అపోహ. ఎక్కువగా దాని గురించే రాస్తాను, ఎందుకంటే డబ్బులు పోయేదీ, ధైర్యం పోయేదీ దాని వల్లే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: గ్లైడర్ ఎంత తేలిగ్గా ఉంటే అంత బాగా ఎగురుతుంది. ముక్కులో సీసం పెడితే చేతులారా పాడుచేసుకున్నట్టే.

వాస్తవం: మొత్తం బరువెంత అన్నది వేరు, ఆ బరువు ఎక్కడుంది అన్నది వేరు. ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే అంతా చెడుతోంది. లెక్క చూడండి. కిలో బరువున్న గ్లైడర్ ముక్కులో 40 గ్రాములు వేశామనుకుందాం. బరువు 4 శాతం పెరిగింది. స్టాల్ వేగం, అంటే ఇంతకన్నా తగ్గితే రెక్క మోయలేక గ్లైడర్ పడిపోయే వేగం, బరువుకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది కాబట్టి అది పెరిగేది 2 శాతమే. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యేది 30.6 దగ్గర అవుతుంది. ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) పట్టుకున్నవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. గ్లైడ్ రేషియో దాదాపు మారదు, అదే కోణంలో కాస్త వేగంగా పోతుంది. గాలి గట్టిగా ఉన్న రోజు కొండ మీద అనుభవమున్నవాళ్లు కావాలనే అదనపు బరువు (బ్యాలస్ట్) వేస్తారు. మనుషులు కూర్చుని నడిపే పోటీ గ్లైడర్లు రెక్కల నిండా నీళ్లు నింపుకుని బయల్దేరతాయి. బరువే శత్రువైతే వాళ్లెందుకు మోసుకెళ్తారు?

అదే సీజీ ఉండాల్సిన చోటుకు ఒక సెంటీమీటరు వెనక్కి జరిగిందంటే గ్లైడర్ మన మాట వినదు. ముక్కు కొంచెం లేస్తే ఇంకా లేస్తుంది, కొంచెం దిగితే ఇంకా దిగుతుంది. తనంతట తాను సర్దుకునే గుణం పోతుంది. మనం స్టిక్‌తో వెంటపడుతూ ఉండాలి, ప్రతిసారీ మన చెయ్యి ఆలస్యమే అవుతుంది. చూసేవాళ్లు "ఎలివేటర్ మరీ సెన్సిటివ్‌గా ఉంది", "సర్వో పిచ్చెక్కింది" అంటారు. ఎలివేటర్ అంటే తోకలో ముక్కును లేపే, దించే పలక, సర్వో అంటే దాన్ని కదిపే చిన్న మోటారు. ఎగరేసినవాళ్లు ఇంటికెళ్లి కొత్త సర్వో కొంటారు, కొత్త రిసీవర్ (సిగ్నల్ అందుకునే డబ్బా) కొంటారు, మళ్లీ అలాగే పడేస్తారు.

కొండ మీద ఇది మరీ ప్రమాదం. చదునైన నేల మీద తోక బరువున్న గ్లైడర్ విసిరితే నాలుగు గెంతులు వేసి గడ్డిలో పడుతుంది. కొండ అంచున అలా ఉండదు. ముక్కు లేస్తుంది, వేగం చస్తుంది, ఎదురుగాలి దాన్ని మన తల మీదుగా వెనక్కి నెట్టేస్తుంది. కొండ వెనక వైపు గాలి సుళ్లు తిరుగుతూ కిందికి దిగుతుంటుంది. ఆ రోటర్‌లో పడ్డాక స్టిక్ ఎటు కదిపినా లాభం లేదు. మన కొండల మీద ఉన్నవి మెత్తటి పచ్చిక బయళ్లు కావు, బండరాళ్లు, ముళ్లచెట్లు.

పొన్నూరు వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. మీటరున్నర రెక్క, విరగకుండా వంగే ఈపీపీ ఫోమ్, పనితనం చాలా శుభ్రంగా ఉంది. రెక్కకు వెన్నెముకలాంటి స్పార్ కోసం గాడి తీసిన పద్ధతి చూస్తే ముచ్చటేసింది. అప్పటికి రెండుసార్లు అతికించిన ముక్కు మూడోసారి విరిగింది. అబ్బాయి తలెత్తడం లేదు. తండ్రి మాత్రం, "ఏవండీ మాస్టారూ, ఇంకెంత పెట్టాలండీ దీనికి? వాడు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అన్నారు. ఆయన కోపంగా అన్నమాట కాదది, బెంగతో అన్నది.

ముక్కు అతికించి, ఆరాక, రెక్క కింద సీజీ గుర్తు దగ్గర వెనక రబ్బరున్న రెండు పెన్సిళ్లు నిలబెట్టి గ్లైడర్‌ను వాటి మీద ఆనించాను. తోక టప్‌మని టేబుల్‌కి కొట్టుకుంది. తోక వైపు చూస్తే అందం కోసం రంగు టేపు రెండు పొరలు, ఎలివేటర్‌కీ రడ్డర్‌కీ (పక్కలకు తిప్పే తోక పలక) సర్వో కదలికను అందించే, సైకిల్ చువ్వలతో చేసిన పుష్‌రాడ్లు, అవి తగిలించే హార్న్‌ల దగ్గర గడ్డకట్టిన ఎపాక్సీ జిగురు. బ్యాటరీ ఏమో రెక్క కింద ఉంది. "బ్యాటరీ ముందుకు జరపలేదేం నాన్నా?" అంటే, "ముక్కు బరువైతే దిగిపోతుందని గ్రూప్‌లో చెప్పారన్నా" అన్నాడు. ప్లాన్‌లో సీసం వేయమని రాసి ఉంది. ఎవరో ఏ గ్రూప్‌లోనో అన్న మాటకు గీసినవాడి మాట పక్కన పెట్టేశాడు. ఇలాంటి మాటలు ఊరికే విసిరేవాళ్లు ఆ అతికించిన ముక్కును ఒక్కసారి చూస్తే బాగుండును.

రంగు టేపు ఒలిచాం. చువ్వలు తీసేసి సన్నటి కార్బన్ రాడ్లు వేశాం. బ్యాటరీని ముక్కులోకి తోశాం. ఆ తర్వాత ఐదేసి గ్రాముల వెయిట్లు ఒక్కొక్కటే ముక్కు మీద పెడుతూ పోయాం. మొదటి రెంటికీ కదల్లేదు. తర్వాత తోక టేబుల్ వదిలింది, ఇంకోటి పెట్టేసరికి గ్లైడర్ పెన్సిళ్ల మీద సమంగా నిలబడింది. అబ్బాయి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. తర్వాత వాళ్లు పంపిన వీడియోలో గ్లైడర్‌ను విసిరింది తండ్రే.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెబుతాను. బ్యాటరీ, రిసీవర్, కెనోపీ (ముక్కు మీది మూత), టేపు, ఎగిరేటప్పుడు ఏముంటాయో అన్నీ పెట్టాకే చూడాలి. వెడల్పు అంతటా ఒకేలా ఉన్న రెక్కకు 20 సెం.మీ. కార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు దూరం) అయితే మొదటి ఫ్లైట్‌కు లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) నుంచి 5 నుంచి 6 సెం.మీ. మధ్య సీజీ ఉండాలి, అంటే 25 నుంచి 30 శాతం. రెక్క చివరికి సన్నబడుతుంటే సగటు కార్డ్ లెక్క కట్టాలి, రెక్క మొదట్లో కొలిచిన కార్డ్‌తో చేస్తే తప్పు వస్తుంది. తోక లేని ఫ్లయింగ్ వింగ్ అయితే సగటు కార్డ్‌లో 15 నుంచి 20 శాతం దగ్గరే ఉంచండి, ఎలెవాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) రెండూ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉండాలి. వాటికి మూడు మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది. సందేహం ఉంటే మొదటి ఫ్లైట్‌కు ఎప్పుడూ ముందు వైపే ఉంచండి. ముక్కు కొంచెం బరువైతే గ్లైడర్ మొద్దుగా ఎగురుతుంది గానీ చేతికి తిరిగొస్తుంది.

సీసం తక్కువ పట్టాలంటే తోక తేలిగ్గా కట్టాలి. కావడి మోసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, పొడుగు వైపు చిన్న బరువు, పొట్టి వైపు పెద్ద బరువుకు సమానం. సీజీ నుంచి తోక 60 సెం.మీ., ముక్కు 20 సెం.మీ. ఉంటే తోకలో వేసిన ప్రతి గ్రాముకూ ముక్కులో 3 గ్రాములు వేయాలి. అందుకే జిగురు చుక్క దగ్గర పొదుపు చేయాల్సింది తోకలో. బరువు తగ్గుతుందని చిన్న బ్యాటరీ కొని, ఆ తగ్గిన బరువే మళ్లీ సీసంగా వేసేవాళ్లను చూస్తుంటాను. పెద్ద బ్యాటరీయే ముందుకు పెట్టండి, ఆ బరువు మీకు ఎక్కువసేపు ఎగరడానికైనా పనికొస్తుంది. అది చాలకపోతేనే వెయిట్లు. ఆటోనగర్‌లో వీల్ బ్యాలెన్సింగ్ చేసే షాపుల్లో అంటించే వెయిట్ స్ట్రిప్పు అడగండి. ఐదు, పది గ్రాముల ముక్కలు విడివిడిగా తుంచుకోవచ్చు. అవి దొరక్కపోతే చేపల వలలకు కట్టే సీసం గుళ్లు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు అందనివ్వకండి.

కొలత కుదిరాక అసలు మాట చెప్పేది గాలే. ఎత్తు బాగా ఉన్నప్పుడు చేతులు వదిలినా సమంగా పోయేలా ట్రిమ్ చేసి, ముక్కును 45 డిగ్రీలు కిందికి పెట్టి, స్టిక్ వదిలేయండి. గభాలున పైకి లేస్తే ముక్కు బరువు ఎక్కువైంది, కొంచెం సీసం తీయొచ్చు. అలాగే పోతూ నెమ్మదిగా సర్దుకుంటే సరిపోయింది. ఇంకా నిటారుగా కిందికి దిగిపోతుంటే తోక బరువుంది, వెంటనే లాగి దించేయండి, సీసం వేశాకే మళ్లీ విసరండి. తీసేటప్పుడు ఐదేసి గ్రాములే తీయాలి. విసరడం కూడా గాలికి ఎదురుగా, సమంగా లేదా కాస్త కిందికి. ఆకాశంలోకి విసిరితే మంచి సీజీ కూడా మిమ్మల్ని కాపాడలేదు.

ఇక మిగతావి.

"సెల్ టవర్ దగ్గర సిగ్నల్ కొట్టేస్తుంది." ఈ మాట విని విని విసుగొచ్చింది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ తను జత (బైండ్) అయిన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో నిజంగా కంట్రోల్ పోయిందంటే వదులైన స్విచ్చో, బలం లేని బ్యాటరీయో, కార్బన్ ట్యూబ్ లోపల ఇరికించిన యాంటెనాయో కారణం. కార్బన్ ఆ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, యాంటెనా బయటికి తీయండి. విసిరే ముందు ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ చెక్‌లో (సిగ్నల్ బలం తగ్గించి చూసే పరీక్ష) పెట్టి 30 అంగలు నడిచి సర్వోలన్నీ కదులుతున్నాయో లేదో చూసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

"గాలి గట్టిగా ఉంటే ఏ కొండైనా చాలు." గాలి వాలుకు ఎదురుగా కొట్టాలి, అటూ ఇటూ 30 డిగ్రీల తేడా దాటితే పైకి లేపే బలం (లిఫ్ట్) సన్నగిల్లుతుంది. మే నెల పడమటి గాలికి పడమటి వాలు, సాయంత్రం పైరగాలికి ఆగ్నేయం వైపు వాలు. పడమటి గాలి విసురు ఎక్కువ, వేడి, తెరలు తెరలుగా వస్తుంది. కొత్తవాళ్లకు నేను ఆ పూట వద్దంటాను. 2021లో స్పెన్సర్ లైసెన్‌బీ కాలిఫోర్నియాలోని పార్కర్ మౌంటెన్ దగ్గర మోటారు లేని రిమోట్ (ఆర్సీ) గ్లైడర్‌ను గంటకు 548 మైళ్ల వేగం దాకా తీసుకెళ్లాడు. అది చూసి కొండ వెనక వైపుకు గ్లైడర్ తిప్పుతున్నారు. అది డైనమిక్ సోరింగ్, కొండ దాటి వచ్చే జోరుగాలికీ వెనకున్న నెమ్మది గాలికీ మధ్య తిప్పుతూ వేగం పెంచే పద్ధతి, ఆ లెక్క వేరు, ఆ గ్లైడర్ల కట్టుబడి వేరు. మొదటి గ్లైడర్‌తో దయచేసి అటు పోకండి.

"త్రోలు (పలకలు కదిలే దూరం) ఎంత ఎక్కువైతే అంత కంట్రోల్." కాదు. మీటరున్నర గ్లైడర్‌కు ఎలివేటర్ అటూ ఇటూ 8 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ట్రాన్స్‌మిటర్‌లో శాతం తగ్గించి సరిపెట్టుకోకుండా సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రం, హార్న్‌లో బయటి రంధ్రం వాడండి. లూజు తగ్గుతుంది, ఫ్లటర్ (పలక గడగడ వణికిపోవడం) భయమూ తగ్గుతుంది.

"ఈపీపీ ఎందుకు, థర్మోకోల్ చాలదా?" మొదటిసారి నేలకు తగలగానే ముక్కలవుతుంది. పైగా మామూలు ఇన్‌స్టంట్ జిగురు పడితే కరిగిపోతుంది. "కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి కర్రను మోడళ్లకు వాడే తేలికపాటి బాల్సా కర్రకు బదులు వాడొచ్చా?" అని చాలామంది ఆశగా అడుగుతారు. మన కర్ర మీద ఆ ప్రేమ నాకూ ఉంది. కానీ అది బాల్సా కంటే బరువు. ముక్కు దిమ్మగా చెక్కుకోండి, బాగుంటుంది. తోకలో మాత్రం వద్దు.

"బొమ్మే కదా, రూల్స్ ఉండవు" అని కొందరు, "పోలీసులు పట్టుకుపోతారట" అని కొందరు. రెండూ తప్పే. డ్రోన్ రూల్స్ 2021లో 25 కిలోల లోపు, కంటికి కనబడే దూరంలో, చదువుకో సరదాకో ఎగరేసే మోడళ్ల ప్రస్తావన విడిగా ఉంది. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగుల ఎత్తు లోపల ఎగరేయొచ్చు. గన్నవరం ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల నేల నుంచే అనుమతి తప్పనిసరి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటకూడదు. వీఐపీలు వచ్చినప్పుడు 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, కాబట్టి బయల్దేరే రోజు ఈ జోన్ల మ్యాప్ చూసుకోండి, మోడల్ రిజిస్ట్రేషన్ సంగతీ కనుక్కోండి. కొండపల్లి, కొండవీడు అడవుల్లోకి అటవీ శాఖను అడక్కుండా వెళ్లకండి. ఇంద్రకీలాద్రి, గుణదల, మంగళగిరి కొండల మీద భక్తులుంటారు. జనం తల మీద గ్లైడర్ తిప్పడం రూల్ ఉన్నా లేకపోయినా చేయకూడని పని.

రిపేరుకు తెచ్చేవాళ్లకు ఒక మాట. గ్లైడర్‌తో పాటు మీరు ఎగరేసిన అదే బ్యాటరీ, అదే ట్రాన్స్‌మిటర్ తీసుకురండి, ప్లాన్ ఉంటే ప్రింట్ తీసుకురండి. విరిగిన ముక్కలు చిన్నవని పారేయకండి. బ్యాటరీ ఇంట్లో వదిలేసి వస్తే ముక్కు అతికించి ఇవ్వగలను గానీ సీజీ చూసి పంపలేను.