కలల కారు: పాత లగ్జరీ బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

నాకు పదేళ్ళప్పుడు హిందూపురంలో మా నాన్న పంక్చర్ షాపు ముందు ఒక తెల్ల బెంజ్ ఆగింది. వాన పడుతోంది. ముందు అద్దం మీద ఒకటే వైపర్. మూలకు వెళ్ళేసరికి చెయ్యి చాచినట్టు పొడవయ్యేది, మధ్యకు రాగానే ముడుచుకునేది. కళ్ళార్పకుండా చూశాను. ఆ మోడల్ డబ్ల్యూ124 అని, మన దేశంలో బెంజ్ వాళ్ళు 1995లో పుణెలో మొదట తయారుచేసింది అదేనని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ వైపర్ పిచ్చే నన్ను బెంగళూరుకు తెచ్చి మెకానిక్‌ని చేసింది.

ఇప్పుడు జర్మన్ కార్లు రిపేరు చేస్తాను, పాతవి కొనేవాళ్ళకు బండి చూసిపెడతాను. చిన్నప్పటి నుంచి మనసులో పెట్టుకున్న కారు కోసం వచ్చినవాళ్ళు మోసపోతే నాకు నిద్ర పట్టదు.

అపోహ: ధర తగ్గింది కాబట్టి ఖర్చు కూడా తగ్గుతుంది.

తగ్గదు. 60 లక్షల కారు పదేళ్ళకు 12 లక్షలకు దొరికిందనుకోండి. దాని బ్రేక్ డిస్కులు, సెన్సర్లు, హెడ్‌లైట్లు మాత్రం ఇంకా 60 లక్షల కారువే. మొన్న కడప కుర్రాడు ఒకడు వచ్చి, "అన్నా, ఈఎంఐ కట్టగలను, ఇంకేం టెన్షన్?" అన్నాడు. "మొదటి ఏడాది రిపేర్లకు రెండు లక్షలు విడిగా ఉన్నాయా తమ్ముడూ?" అని అడిగాను. లేవన్నాడు. ఆర్నెల్లు ఆగమన్నాను. ఆగాడు. ఆ పిల్లాడి మీద నాకు గౌరవం పెరిగింది.

అపోహ: కిలోమీటర్లు తక్కువ తిరిగిన బండే మంచిది.

బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మీటరు కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక నెలల తరబడి షెడ్డులో పడున్న బండికి రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీద గాట్లు ఎంత బాగున్నా, వయసు దాచలేరు.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. బీఎండబ్ల్యూ లాంటి చాలా కార్లకు గేర్‌బాక్స్ చేసే జడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే పాన్ విప్పితే లోపల చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటికి బూడిదరంగు ఇనుప పొడి కాటుకలా పట్టి ఉంటుంది. వేలితో తీసి ఓనరుకు చూపిస్తాను. ఆ తర్వాత ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అపోహ: ఢిల్లీ బండి చవక.

కొనేటప్పుడు చవకే. ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే కర్ణాటక నంబరు తీసుకోవాలి, లైఫ్‌టైమ్ ట్యాక్స్ కట్టాలి. పాత బండికి వయసును బట్టి కొంత తగ్గుతుంది కానీ ఖరీదైన కారు కాబట్టి మొత్తం చిన్నదేమీ కాదు. బేరమాడే ముందే లెక్క వేసుకోండి.

అపోహ: బెంగళూరుకు సముద్రం లేదు, ఇక్కడి బండి నీళ్ళలో మునిగి ఉండదు.

2022 సెప్టెంబరులో యమలూరు వైపు లగ్జరీ కార్లు అద్దాల దాకా మునిగాయి. బండి చూడటానికి వెళ్తే సీటు బెల్టు మొత్తం బయటికి లాగండి. సీటు, కార్పెట్ కడుగుతారు గానీ బెల్టు చివరి మూర కడగడం మరిచిపోతారు. అక్కడ మట్టిగీత కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

అపోహ: ఎయిర్ సస్పెన్షన్ బండి మెత్తగా పోతే అది బాగున్నట్టే.

స్ప్రింగు బదులు ఉండే రబ్బరు గాలితిత్తికి పగుళ్ళు వస్తే గాలి నెమ్మదిగా పోతుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే కంప్రెసర్ మళ్ళీ నింపేస్తుంది కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు. అలా పనిచేసి పనిచేసి ఒకరోజు కంప్రెసర్ కాలిపోతుంది. తిత్తి మార్చకుండా కంప్రెసర్ ఒక్కటే మార్చితే అదీ కాలుతుంది. అందుకే అమ్మేవాళ్ళను బతిమాలైనా సరే, బండిని రాత్రి ఎక్కడ ఆపారో పొద్దున్నే అక్కడే, స్టార్ట్ చేయకముందే వెళ్ళి చూడండి. ఒక మూల కుంగి ఉందేమో చూసి, అప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేశారన్నమాట.