ఇంటి బయటి రంగులు: విశాఖలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

వానలు వెనకబట్టి సంక్రాంతి దగ్గరపడుతోందంటే మా పెయింటింగ్ పనివాళ్లకు ఊపిరాడదు. పని మాట్లాడ్డానికి వెళ్లిన ఇంట్లో రేటు కంటే ముందు రంగు మాటే వస్తుంది. గృహప్రవేశం రోజు ఇల్లు ఎలా కనిపిస్తుందో అందరూ ఊహించుకుంటారు. నాలుగు వేసవులు, నాలుగు వానాకాలాలు గడిచాక ఎలా ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. నేను ఆ రెండో లెక్కలోనే రంగు చూస్తాను. ఆ లెక్కకి మన ఊళ్లో చెలామణిలో ఉన్న నమ్మకాలు కొన్ని నిలబడవు.

అపోహ: షేడ్ కార్డులో నచ్చిన రంగే గోడ మీదా వస్తుంది.

రాదు. రెండు వేళ్ల వెడల్పు ముక్కలో చూసిన రంగు ముప్ఫై అడుగుల గోడ మీద, ఎండలో, కార్డులో కంటే లేతగానూ కొట్టొచ్చినట్టుగానూ కనిపిస్తుంది. కార్డులో హుందాగా ఉన్న లేత పసుపు గోడకెక్కాక నిమ్మపండు పసుపు అయిపోతుంది. క్రీమ్ అనుకున్నది ఉత్త తెలుపులా తేలిపోతుంది. అందుకే మనసుపడ్డ షేడ్ కంటే ఒక మెట్టు ముదురుగా, కాస్త బూడిద కలిసినట్టున్నది తీసుకోమంటాను. చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద చూసి ఊరుకోం కదా, కొట్టు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూస్తాం. ఇంటికీ అదే పని చెయ్యాలి.

చిన్న డబ్బా శాంపిల్ కలిపించండి. రంగుకి ముందు వేసే తెల్ల ప్రైమర్ మీద మూడడుగుల చదరం, రెండు కోటింగులు, తూర్పు గోడకి ఒకటి, పడమటి గోడకి ఒకటి. చదరం చుట్టూ జానెడు వెడల్పున ప్రైమర్ అలాగే వదిలేయండి. లేకపోతే పక్కనున్న పాత రంగు కొత్త రంగును వేరేలా చూపిస్తుంది. పొద్దున్న ఏడింటికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, వీధి లైట్లు వెలిగాక ఒకసారి చూడండి, అదీ రోడ్డు అవతల నిలబడి. మెట్ల గ్రానైటు, ఎలివేషన్ టైల్స్, గేటు ఇప్పట్లో మారవు కాబట్టి వాటి పక్కన రంగు ఎలా ఉందన్నదే ముఖ్యం. ఫోన్లో ఇంటి ఫొటో మీద రంగులు మార్చి చూపించే యాప్‌లు ఏ భాగానికి లేత, ఏ భాగానికి ముదురు అని తేల్చుకోడానికి పనికొస్తాయి. షేడ్ తేల్చుకోడానికి పనికిరావు.

అపోహ: సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి తెలుపు కొట్టించేస్తే గొడవుండదు.

సగం నిజం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, డాబా పైకప్పుకి అంతకు మించింది లేదు. గోడల సంగతి వేరు. పోర్టు, వన్‌టౌన్, మల్కాపురం వైపు బొగ్గు, ఖనిజాల దుమ్ము కిటికీ సజ్జాల మీద చేరి, మొదటి వానకే నల్లచారలుగా గోడ మీదికి దిగుతుంది. మధురవాడ నుంచి భీమిలి దాకా ఎర్రమట్టి. చినుకు నేలను కొట్టి చిందితే అడుగున రెండడుగుల మేర గోడ ఎర్రబడుతుంది. లాసన్స్ బే, బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలి. గోడ మీద పేరిన ఉప్పు చెమ్మను వదలదు, ఎండ సరిగా తగలని గోడలకి, పిట్టగోడల లోపలివైపుకి నాచు పట్టేస్తుంది. ఈ మూడూ తెలుపు మీద కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించవు.

నన్నడిగితే ఇసుక రంగు, గంధం రంగు, లేత బూడిద. అడుగున రెండు రెండున్నర అడుగులు ఇటుక రంగు పట్టీ. ఇక సజ్జా అంచు కింద నీళ్లు కారిపోడానికి గాడి తియ్యకపోతే ఏ రంగేసినా చారలే, అది తాపీ పనివాళ్లతో తేల్చుకోవాల్సిన విషయం.

అపోహ: ముదురు రంగు మురికి దాస్తుంది, పైగా ఖరీదైన పెయింట్ అయితే వెలిసిపోదు.

ఈ రెండూ జంటగానే వస్తాయి. మొదటిది చూడండి. దుమ్ము సంగతెలా ఉన్నా, గోడలోంచి చెమ్మతో పాటు బయటికొచ్చే ఉప్పు తెల్లగా ఉంటుంది. ముదురు నీలం, చాక్లెట్ రంగు మీద అది సుద్దముక్కతో గీసినట్టు కనిపిస్తుంది. ముదురు గోడ వేడినీ ఎక్కువ పీలుస్తుంది. వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, సన్నటి పగుళ్లు పెద్దవవుతాయి. రంగు ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్‌ఆర్‌వి అంటారు. పూర్తి నలుపుకి 0, పూర్తి తెలుపుకి 100. పడమటి గోడకి 50 దాటిన షేడే ఎంచుకోమంటాను.

రెండోది. మంచి అక్రిలిక్ ఎమల్షన్‌లో పెయింట్‌ని పట్టి ఉంచే జిగురు గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ వెలిసిపోవడం అందులో పడే రంగుపొడి మీద కూడా ఆధారపడుతుంది. నిండు ఎరుపు, నారింజ, గులాబీ, వంకాయ రంగు, మిరుమిట్లు గొలిపే పసుపు ఎక్కువగా సేంద్రియ పిగ్మెంట్లతో వస్తాయి. వాటిలో చాలావాటిని అతినీలలోహిత కిరణాలు విరిచేస్తాయి. ఇటుక ఎరుపు, ఆవాల పసుపు, గోధుమ రంగులకు ఐరన్ ఆక్సైడ్ పిగ్మెంట్లు వాడతారు. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపునిచ్చింది కూడా ఐరన్ ఆక్సైడే. వేల ఏళ్లుగా అవి ఎండలోనే ఉన్నాయి. కొట్లో రంగు కలిపే టింటింగ్ మెషీన్ దగ్గర నిలబడి, ఈ షేడ్‌లో ఏయే కలరెంట్లు, అంటే రంగు ద్రవాలు, పడుతున్నాయి, ఆక్సైడ్‌లేనా అని అడగండి. ఫార్ములా అక్కడ స్క్రీన్ మీదే ఉంటుంది. వారంటీ కాగితం కూడా చదవండి. పెచ్చులు ఊడటానికి ఇచ్చే హామీ, రంగు వెలవడానికి ఇచ్చే హామీ ఒకటేనా, మీ షేడ్‌కి వర్తిస్తుందా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి.

డబ్బుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. నిండు ఎరుపు, పసుపు షేడ్లు కలిపే బేస్‌లో (రంగు కలపకముందు డబ్బాలో ఉండే పెయింట్‌లో) టైటానియం డయాక్సైడ్, అంటే తెల్లపొడి, చాలా తక్కువ. అందుకని అడుగు రంగు కనిపిస్తూనే ఉంటుంది, చాలాసార్లు మూడో కోటింగు తప్పదు. లేత రంగు లెక్కన ఎస్టిమేట్ ఒప్పుకుని తర్వాత రంగు మార్చితే మీకూ మాకూ మాటా మాటా వచ్చేది అక్కడే.

అపోహ: దిక్కును బట్టి రంగు అంటే వాస్తు ఒక్కటే.

వాస్తు ఎవరి నమ్మకం వాళ్లది, నేను జోక్యం చేసుకోను. దిక్కు మాత్రం నేనూ చూస్తాను. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా దాటుతాడు. కాబట్టి నడి వేసవిలో దెబ్బంతా తూర్పు, పడమటి గోడలదే, దక్షిణపు గోడ వంతు శీతాకాలంలో వస్తుంది. మోజుపడ్డ నిండు రంగుంటే వరండా లోపలి గోడకి, నీడ పడే చోటుకి వాడుకోండి.

అపోహ: దసరాకి ఇల్లు మెరవాలి, కొత్త ఇల్లయితే ముహూర్తానికి రంగు పడాలి.

మన ఊళ్లో వానలు గట్టిగా పడే నెలల్లో అక్టోబరు ఒకటి. హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న, దసరాకీ దీపావళికీ మధ్య. తడి గోడ మీద ఏ షేడూ సమంగా ఆరదు, మచ్చలు తేలతాయి. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా వేయించుకుంటే నయం. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం 28 రోజులు ఆగాలి. సిమెంటులోని క్షారం పచ్చిగా ఉంటే కొన్ని రంగులను తినేస్తుంది, ముఖ్యంగా ముదురువాటిని. గోడ తడిపి ఆరాక క్షారానికి తట్టుకునే ప్రైమర్ ఒక్కటి వేసి గృహప్రవేశం కానిచ్చెయ్యండి, రంగు తర్వాత. చుట్టాలు ఏదో ఒకటి అంటారు, అననివ్వండి.

అపోహ: షేడ్ నంబరు ఒకటే కదా, ఎప్పుడు కొన్నా అదే రంగు.

బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది. ఒక కంపెనీ షేడ్‌ని ఇంకో కంపెనీ డబ్బాలో కలిపిస్తే మరీను. ఇంటికి సరిపడా ఒకేసారి కొనండి, బకెట్లన్నీ పెద్ద డ్రమ్ములో కలిపి వాడమనండి. ఇంకో బ్యాచ్ తప్పకపోతే గోడ మధ్యలో మార్చనివ్వకుండా మూల దగ్గర మార్పించండి. ఒక లీటరు మిగిల్చి, మూత బిగించి, దాని మీద షేడ్ నంబరు, బేస్ పేరు, తేదీ మార్కర్‌తో రాసి నీడపట్టున పెట్టుకోండి. ఏసీ పైపు కోసం గోడకి కన్నం పెట్టినప్పుడు వెతుక్కునేది దాన్నే.