నాలుగో ఈక ఎందుకు?

మలక్‌పేట,
ఆదివారం పొద్దున

బుజ్జీ, చిన్నోడా,

దసరా రోజు మీరు అడిగినదానికి నేను అప్పుడు జవాబు చెప్పలేదు. జమ్మి బంగారం నా చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడుతూ ఒకరు, ఫోన్‌లో ఫొటో చూపిస్తూ ఇంకొకరు, ఇద్దరూ ఒకేసారి అడిగారు: "తాతా, టీవీలో బాణాలకు మూడు రెక్కలే ఉంటాయి. మా ఆర్చరీ సార్ చెక్క బాణానికి నాలుగు ఈకలున్నాయి. ఎందుకు?" ఇంతలో మీ నాయనమ్మ పులిహోర చల్లారిపోతోందని కేకేసింది, నేను తప్పించుకున్నాను. ఆకలేసి కాదు, ఆలోచించుకోవడానికి టైం కావాలనిపించి.

నాలుగు ఎందుకో తర్వాత చూద్దాం. ముందు, అసలు ఈకలెందుకు? పిట్టకు రెక్కలున్నట్టు బాణానికి ఈకలున్నాయి కాబట్టి ఎగురుతుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. బాణాన్ని ఎగరేసేది విల్లు. ఈకలు దాన్ని వెనక్కి లాగుతాయి, అంతే. వెనక్కి లాగుతాయి కాబట్టే అది తిన్నగా పోతుంది.

అర్థం కాలేదు కదా. నుమాయిష్‌కు, అదే మన నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, రండి.

నేను మీ అంత ఉన్నప్పుడు జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు మా నాయనమ్మతో వెళ్లేవాణ్ణి. ఆ జనంలో నేనెప్పుడూ ముందుకు ఉరికేవాణ్ణే. నాయనమ్మ నా వెనకాల నిక్కరు గాలీసులు పట్టుకుని నడిచేది. బొమ్మల దుకాణం చూసి నేను ఎడమకు తిరగబోతే వెనకనుంచి ఒక్క లాగు, మళ్లీ తిన్నగా. మిఠాయి వాసనకు కుడికి వాలితే మళ్లీ లాగు. ఆమె నన్ను ముందుకు తోసింది ఎప్పుడూ లేదు. కానీ ఆమె లేకపోతే నేను గేటు నుంచి రంగులరాట్నం దాకా చేరేవాణ్ణే కాదు, మధ్యలోనే ఎటో కొట్టుకుపోయేవాణ్ణి. బాణానికి బరువైన మొన ముందుంటుంది, అది నేను. గాలికి అడ్డుపడే ఈకలు వెనక ఉంటాయి, అది మా నాయనమ్మ. తోక పక్కకు జరిగితే గాలి ఆ ఈకల్ని పట్టుకుని మళ్లీ వరసలోకి నెడుతుంది.

(మీ అమ్మ టీవీ కట్టేయమన్నప్పుడు కోపం వస్తుంది కదా. గాలీసులు గుర్తు తెచ్చుకోండి. ఇంకేం అనను.)

ఇప్పుడు ఒక్క నాయనమ్మే, అదీ ఎడమ పక్కనే పట్టుకుందనుకోండి. నేను గుండ్రంగా తిరుగుతాను. అందుకని చుట్టూ సమానంగా ఉండాలి. మా నాయనకు అక్కాచెల్లెళ్లు చాలామంది, కాబట్టి ఇబ్బంది లేదు, ముగ్గురు మేనత్తల్ని పిలుద్దాం. ముగ్గురూ మూడు దిక్కుల్లో పట్టుకుంటే పిల్లాడు తిన్నగా పోతాడు. చాలు. అందుకే టీవీలో మీరు చూసే బాణాలకు మూడు రెక్కలు.

కానీ ఆ ముగ్గురిలో పెద్దత్త అనే చిక్కు ఒకటుంది. మూడు ఈకల బాణంలో ఒకదానికి వేరే రంగు ఉంటుంది, గమనించారా? ఇంగ్లీషువాళ్లు దాన్ని పుంజు ఈక అంటారు, మిగతా రెండూ పెట్టలు. బాణం విల్లును ఒరుసుకుంటూ పోతుంది కదా, ఆ పుంజు విల్లుకు తగలకుండా బయటి వైపు ఉండాలి. అప్పుడు పెట్టలు రెండూ సందులోంచి జారిపోతాయి. బాణాన్ని తిరగేసి పెట్టారో, పుంజు నేరుగా విల్లుకు తగులుతుంది. ఇరుకు గేటులో పెద్దత్త గోడవైపు వచ్చినట్టే. అందరూ ఇరుక్కుపోతారు.

నలుగురు అత్తలు, అందరూ ఒకే సైజు, నాలుగు మూలల్లో ఉన్నారనుకోండి. పిల్లాణ్ణి సగం తిప్పినా అదే గుంపు, అదే వరస. పెద్దత్త ఎవరో వెతుక్కోవాల్సిన పనే లేదు. నాలుగు ఈకల బాణంలో పుంజు లేదు. నారికి, అంటే విల్లు తాడుకు, ఎలా తగిలించినా రెండు ఈకలు విల్లుకు ఇటూ అటూ పోతాయి. చీకట్లో ఉన్నవాడికి, గుర్రం మీద ఉన్నవాడికి, చూపు గురిమీంచి తిప్పలేనివాడికి ఇది ఎంత సుఖమో ఆలోచించండి.

పైగా నలుగురుంటే ఒక్కొక్కరు కాస్త చిన్నగా ఉన్నా సరిపోతుంది. మూడైతే 5 అంగుళాల ఈకలు కట్టేవాళ్లు, నాలుగైతే 4 అంగుళాలవి కడతారు. మూడైదులు, నాలుగు నాలుగులు మీరే వేసుకోండి. ఇంచుమించు ఒకటే. మరీ ఎక్కువమంది అత్తలైతే పిల్లాడు కదలడు, అదీ నిజమే. ఆకాశంలో పిట్టను కొట్టే బాణాలకు కావాలనే పెద్ద పెద్ద ఈకలు కడతారు. గురి తప్పినా బాణం దూరంగా పోయి మాయమవకుండా దగ్గర్లోనే పడుతుంది. వాటి పేరు ఫ్లూ-ఫ్లూ. నవ్వకండి, నిజంగానే అదే పేరు.

ఒకచోట మాత్రం నా పోలిక తప్పింది. ఈకల్ని కాస్త ఏటవాలుగా కడితే బాణం పోతూ పోతూ బొంగరంలా తిరుగుతుంది. నుమాయిష్‌లో మా అత్తలు అలా తిరిగితే ఎలా ఉండేదో నాకు ఊహకు అందడం లేదు.

నాకు ఈ తిరగడం సంగతి తెలిసింది 1963లో, పదేళ్లప్పుడు. అప్పుడు మేం మంగళ్‌హాట్‌లో ఉండేవాళ్లం. పాత గొడుగు చువ్వ వంచి విల్లు చేశాను. సన్న వెదురు బద్దకు గాడి కోసి, మొనకు తారు ముద్ద అంటించి బాణం చేశాను. అది ఒక్కసారీ మొనతో పోయి తగల్లేదు, అడ్డంగా తిరిగి పొట్టతో పడేది. ధూల్‌పేటలో పతంగులు కట్టే ఒక ముసలి చాచా దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన చూసి, "దీనికి తోక ఏది బేటా?" అన్నాడు. అంతే, మళ్లీ కాగితాల్లో మునిగిపోయాడు.

కోళ్లగూటి దగ్గర ఏరుకొచ్చిన రెక్క ఈకల్ని నిలువునా చీల్చి, చాచా మైదా జిగురు కాస్త అడుక్కుని నాలుగు అంటించాను. నాలుగెందుకంటే నా దగ్గర నాలుగే ఉన్నాయి! వదిలాను. ఈసారి కొంచెం తిన్నగా పోయి, వణుకుతూ పక్కకు తప్పుకుని, ఎదురింటాయన అరుగు మీద పెట్టుకున్న చాయ్ గ్లాసును పడగొట్టింది. మా నాయన ఏం చేశాడో ఇక్కడ రాయను.

చాచాకు బాణం మళ్లీ చూపించాను. ఆయన ఒక్కో ఈకను బొటనవేలితో నిమిరాడు. కళ్లు మూసుకుని. "రెండు ఇటు రెక్కవి, రెండు అటు రెక్కవి. ఎడ్లు ఎదురెదురుగా లాగుతున్నాయి" అన్నాడు. ఎడమ రెక్క ఈక ఒక వైపు ఒంగి ఉంటుంది, కుడి రెక్కది ఇంకో వైపు. బాణాన్ని ఒకటి ఇటు తిప్పబోతే ఇంకొకటి అటు తిప్పబోతుంది. ఒకే బాణానికి అన్నీ ఒకే పక్క రెక్కవి కట్టాలి. ఎడమవే అయినా, కుడివే అయినా బాణం బాగానే పోతుంది. కలిపితేనే గొడవ.

ఇంకో మాట చెప్పలేదు ఆయన, అది నేనే నేర్చుకున్నాను. ఈక ముందు కొసను సన్న దారంతో గట్టిగా చుట్టి, ఎక్కడా లేవకుండా నున్నగా చేయాలి. పాతకాలపు విల్లులో బాణం చేతిమీంచే జారుతుంది. కొస లేచి ఉంటే ఈనె ముల్లులా దిగుతుంది. నా ఎడమ చేతి చూపుడువేలి మొదట్లో ఉన్న తెల్లమచ్చ అదే. చిన్నోడు ఎప్పుడూ అది పాము కాటని చెప్తుంటాడు, వాడికి ఎవరు చెప్పారో!

మరి ప్లాస్టిక్ ఎందుకు కట్టరు అంటారేమో. కడతారు, టీవీలో ఉన్నవి చాలావరకు అవే. ఆ విల్లులకు బాణం ఆనుకోవడానికి వేరే ఏర్పాటు ఉంటుంది. చేతిమీంచి, చెక్క విల్లును ఒరుసుకుంటూ పోయేటప్పుడు ప్లాస్టిక్ ఠప్పున తగిలి బాణాన్ని పక్కకు తోసేస్తుంది. ఈక అయితే వంగి, పడుకుని, దాటగానే మళ్లీ లేచి నిలబడుతుంది. వానలో తడిస్తే మాత్రం ముద్దైపోతుంది, పాపం. అసలు బాణమే వదిలిన క్షణంలో చేపలా మెలికలు తిరుగుతుంది. కర్రలా పోతుందని మనం అనుకుంటాం. స్లో మోషన్ వీడియో ఉంటుంది, మీ నాన్నను పెట్టమనండి. ఆ మెలికల్ని తొందరగా ఆపి దారికి తెచ్చేవి ఈకలే.

మన ధనుర్వేద శ్లోకాల్లో కూడా ఒక్కో బాణానికి నాలుగు ఈకలు కట్టమనే ఉంది, ఆరు అంగుళాల పొడవున. ఆ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, వేలి వెడల్పు. కాకి, హంస, నెమలి, రాబందు, ఇలా పెద్ద వరసే చెప్పారు. మన తెలుగులో బాణానికి కట్టే ఈకను పింజ అనేవాళ్లు. సంస్కృతంలో 'పత్రి' అంటే పిట్ట, 'పత్రి' అంటే బాణం కూడా. (వినాయక చవితి పత్రి వేరు, అయినా ఆకూ ఈకా రెండిటికీ పత్రం అనే అంటారు.) పిట్టనూ బాణాన్నీ ఒకే మాటతో పిలిచినవాడు ఎవడో గాని, వాడు ఒక సాయంత్రం పొలం గట్టు మీద పడుకుని ఆకాశం చూసుంటాడని నా నమ్మకం.

రాబందు ఈకలు ఇప్పుడు ఎవరూ కట్టరు, కట్టకూడదు. ఆ పక్షులే లేకుండా పోతున్నాయి. పశువుల నొప్పులకిచ్చే డైక్లోఫెనాక్ అనే మందు చచ్చిన పశువు ఒంట్లో మిగిలిపోయి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందు ఆపారు. అప్పటికే చాలా పోయాయి. మీ సార్ కట్టేవి టర్కీ కోడి ఈకలై ఉంటాయి, అడగండి.

ఈ సెలవుల్లో సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లండి, శుక్రవారం తప్ప. నా చిన్నప్పుడు అది దివాన్ దేవిడీ అనే పాత మహల్లో ఉండేది, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. అందరూ గంటల గడియారం దగ్గరే గుమిగూడతారు, మీరు జేడ్ అనే రాతితో చేసిన వస్తువుల గదిలోకి వెళ్లండి. షాజహాన్ విలుకాడి ఉంగరం ఉంటుంది. మన దగ్గర నారిని బొటనవేలితో లాగేవాళ్లు, వేలు కోసుకుపోకుండా ఆ ఉంగరం. అలా లాగినప్పుడు బాణం విల్లుకు కుడి పక్కన ఉంటుంది, టీవీ ఆటగాళ్లకు ఎడమ పక్కన. ఎందుకో నేను చెప్పను. చేత్తో ఉత్తినే లాగి చూడండి, బాణం ఎటు ఒదుగుతుందో అదే చెప్తుంది. అలాగే ఆయుధాల గదిలో బాణాలు కనబడితే ఈకలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాయండి. పురుగులు తినేసి ఉంటే అదీ రాయండి.

అంతకంటే ముందు ఇంకో పని. మీ బాల్కనీ నిండా పావురాలే కదా, ఒక ఈక తీసుకోండి. పోగుల్ని వేలితో వెనక్కి లాగి చీల్చండి, మధ్యలో ఖాళీ వస్తుంది. ఇప్పుడు కింది నుంచి కొస వైపు రెండు వేళ్లతో మెల్లగా నిమరండి. అతుక్కుపోతుంది, చీలిక ఎక్కడుందో మీకే తెలియదు. కంటికి కనబడని కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. డెబ్భై దాటాను, ఇప్పటికీ రోజుకొకసారి చేసి చూస్తాను. ఎలా పట్టుకుంటాయో పుస్తకంలో చదివాను, అయినా ప్రతిసారీ ఆశ్చర్యమే. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఈక ఈనెకు ఒక పక్క పోగులు సన్నగా, ఒక పక్క వెడల్పుగా ఉంటాయి. ఎగిరేటప్పుడు సన్న పక్క గాలికి ఎదురుగా ఉంటుంది. మీ రెండు చేతులూ రెక్కల్లా చాపి ఆలోచించండి.

వచ్చే ఆదివారం కత్తెర, నల్ల దారం తీసుకురండి. ఎనిమిది టర్కీ ఈకలు తెప్పించాను, రెండు బాణాలకు సరిపోతాయి. ఎడమ రెక్కవి ఒక కవర్లో, కుడి రెక్కవి ఇంకో కవర్లో పెట్టాను. ఏది ఏదో కవరు మీద రాయలేదు.

ఇట్లు,
మీ తాత