గేముల పరిశ్రమ: గ్రాస్ ఎంత, షేర్ ఎంత?

పెద్ద సినిమా విడుదలైన మర్నాడు మన ఊళ్లలో ఎవరిని కదిపినా గ్రాస్, షేర్ అనే రెండు మాటలే వినబడతాయి. టికెట్ల మీద జనం పెట్టిన మొత్తం గ్రాస్. పన్నులు, థియేటర్ ఖర్చులు పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. పోస్టరు మీద గ్రాస్ వేస్తే "షేర్ చెప్పండి" అని నిలదీసేవాళ్లకు మన దగ్గర కొదవలేదు. వీడియో గేముల లెక్కలు చదివేటప్పుడూ ఈ పట్టుదలే కావాలి.

సినిమా, సంగీతం రెండూ కలిపినా గేముల ముందు చిన్నవేనని తరచూ వింటుంటాం. 2023లో ప్రపంచవ్యాప్తంగా గేముల మీద జనం పెట్టిన ఖర్చు 18,000 కోట్ల డాలర్ల పైమాటేనని మార్కెట్ సంస్థల అంచనా. అదే ఏడాది ప్రపంచంలోని సినిమా హాళ్ల వసూళ్లు సుమారు 3,400 కోట్ల డాలర్లు. అంటే గేములది ఐదింతల పైనే. కానీ ఇక్కడ సినిమా వైపు లెక్కించింది హాలు టికెట్లు మాత్రమే. ఆ ఏడాది ఒక్క నెట్‌ఫ్లిక్స్ ఆదాయమే దాదాపు 3,370 కోట్ల డాలర్లు, అంటే హాళ్లన్నిటి వసూళ్లతో ఇంచుమించు సమానం! మిగతా ఓటీటీలు, టీవీ హక్కులు కూడా ఆ పోలికలో లేవు. గేముల వైపేమో ఫోన్ ఆటలో వాడుకోవడానికి పది రూపాయలకు కొన్న బొమ్మ తుపాకీ దాకా అన్నీ లెక్కకొచ్చాయి. పరిశ్రమ పెద్దదే, అందులో సందేహం లేదు. కొలిచిన తీరే సరైంది కాదు.

ఇక షేర్ సంగతి. గేముల రాబడిలో దాదాపు సగం ఫోన్లదే. అక్కడ యాప్ స్టోర్ల కమీషన్ చాలా ఏళ్లపాటు 30 శాతం. వెయ్యి రూపాయలు కడితే మూడు వందలు ఆపిల్‌కో గూగుల్‌కో పోయేవి. చిన్న కంపెనీలకు 15 శాతం చాలనడం 2021లో మొదలైంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లోనూ మొదలు 30 శాతమే. ఒక గేము అమ్మకాలు కోటి డాలర్లు దాటాక 25, ఐదు కోట్లు దాటాక 20. బాగా ఆడిన గేముకు కమీషన్ తగ్గుతుంది, ఆడని గేము మాత్రం పూర్తి కమీషన్ కట్టాలి. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

ఖర్చుల సంగతి బయటివాళ్లకు తెలియడం అరుదు. గేముల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటామని మైక్రోసాఫ్ట్ ముందుకొచ్చినప్పుడు, ఆపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెక్కింది. 2023 జూన్‌లో ఆ కోర్టుకు గేముల్లో మైక్రోసాఫ్ట్‌కు పోటీ అయిన సోనీ ఇచ్చిన కాగితాల్లో రహస్యమైన అంకెల మీద నల్ల మార్కరు పూశారు. స్కాన్ చేస్తే ఆ మసి కిందినుంచి అంకెలు కనబడిపోయాయి. సోనీ గేము 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్'కు 21.2 కోట్లు. మొదటిదాన్ని 60 డాలర్లకు అమ్మారు. దుకాణాల వాటా, ప్రచార ఖర్చు పక్కన పెట్టినా, పెట్టుబడి తిరిగి రావాలంటే దాదాపు 37 లక్షల కాపీలు అమ్ముడవ్వాలి. అది మూడు రోజుల్లోనే 40 లక్షలు దాటింది. అందరికీ ఆ అదృష్టం దక్కదు. సోనీదే ఇంకో గేము 'కాంకర్డ్' 2024 ఆగస్టు 23న వచ్చి, రెండు వారాలకే వెనక్కి పోయింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చేశారు, తయారుచేసిన స్టూడియోను ఆ అక్టోబరులో మూసేశారు.

2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ను కొనడం పూర్తయింది. మూడు నెలలకే గేముల విభాగంలో 1,900 మందిని తీసేశారు. మొత్తం వసూళ్ల అంకె ఎంత పెరిగినా, ఆ గేములు తయారుచేసేవాళ్ల ఉద్యోగాలకు అది భరోసా కాదు.

మన దేశంలో లెక్క ఇంకో రకంగా కలగాపులగమైంది. "భారత గేమింగ్ పరిశ్రమ" పేరుతో వచ్చిన అంకెల్లో ఎక్కువ భాగం రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటి డబ్బు పందేలదే. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. వాటి రాబడి తీసేస్తే మిగిలేది, బొమ్మలు గీసి, కోడు రాసి నిజంగా ఆట తయారుచేసేవాళ్ల పరిశ్రమ. దాని కొలత విడిగా ఉండాల్సింది మొదటినుంచీ.